ఎమ్‌పీడీలో రేడియో మోగుతుంది, హోమ్‌లోని పాటలు మాత్రం రావు: నాకు పనిచేసింది ఇదీ

ఉబుంటు 22.04లో ఎమ్‌పీడీ (వెనకాల నడిచే మ్యూజిక్ ప్లేయర్) వాడుతున్నా. ఆకాశవాణి విశాఖపట్నం స్ట్రీమ్ చక్కగా వస్తుంది. హోమ్‌లోని (నా సొంత యూజర్ ఫోల్డర్‌లోని) మ్యూజిక్ ఫోల్డర్ మాత్రం పాటల జాబితా అప్‌డేట్ చేసినా ఖాళీయే. లాగ్‌లో "పర్మిషన్ డినైడ్".

రీఇన్‌స్టాల్, కాన్ఫిగ్‌లో దారి మార్చడం, మ్యూజిక్ ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని హక్కులూ): ఏదీ పనిచేయలేదు. 777 అసలు వద్దు.

స్ట్రీమ్ నెట్ నుంచి వస్తుంది, దానికి మన ఫోల్డర్లతో పనిలేదు. ఎమ్‌పీడీ మామూలుగా తన పేరుతోనే ఉన్న వేరే యూజర్‌గా నడుస్తుంది. 21.04 నుంచి ఉబుంటు కొత్త హోమ్ ఫోల్డర్లను 750తో పెడుతోంది, అంటే మీకూ మీ గ్రూపుకూ తప్ప ఇతర యూజర్లకు లోపలికి దారి లేదు. వీధి గేటుకే తాళం ఉంటే గది తలుపు తెరిచి ఏం లాభం?

ముందు, దారిలోని ఒక్కో ఫోల్డర్ పర్మిషన్లు చూపే 'నేమ్‌ఐ' కమాండ్‌ను 'ఎల్' ఆప్షన్‌తో పాటల ఫోల్డర్ పూర్తి దారి మీద నడపండి. మీ హోమ్ వరసలో పర్మిషన్ల చివర మూడు గీతలుంటే అడ్డం అక్కడే. ఒక్కో యూజర్‌కి విడిగా హక్కులిచ్చే 'సెట్‌ఎఫ్‌ఏసీఎల్'తో హోమ్‌కి ఎమ్‌పీడీ యూజర్ పేర ఎక్స్ (దాటే హక్కు) ఒక్కటే ఇవ్వండి, ఆర్ (చదివే హక్కు) వద్దు. లోపలికి దాటగలదు, మీ ఫైళ్ల జాబితా చూడలేదు. తర్వాత మ్యూజిక్ ఫోల్డర్ మొత్తానికి ఆర్, పెద్ద ఎక్స్. పెద్ద ఎక్స్ అయితే పాటల ఫైళ్లకు అనవసరంగా ఎగ్జిక్యూట్ హక్కు రాదు. సుడోతో ఎమ్‌పీడీ యూజర్‌గా ఆ ఫోల్డర్ జాబితా వచ్చిందో లేదో చూశాకే రీస్టార్ట్, అప్‌డేట్.

పాటలు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) డ్రైవ్‌లో ఉంటే ఇది పనిచేయకపోవచ్చు. అక్కడ మౌంట్ ఆప్షన్లు చూడాలి. స్నాప్ ప్యాకేజీగా వచ్చే ప్లేయర్లది వేరే కథ.