డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దల్లో డిమెన్షియా: జన్యు రిపోర్టు చదవడం, మార్పుని పసిగట్టడం

ముందుగా పాత కేరియోటైప్ (క్రోమోజోమ్‌ల పరీక్ష) రిపోర్టు వెతికి తీయండి. డిమెన్షియాకు (మతి, పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గే జబ్బు) దారితీసేలా మెదడులో ఫలకాలుగా పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌కు మూలమైన ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోమ్ మీదే ఉంటుంది. డౌన్ సిండ్రోమ్‌లోలా ఆ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ప్రతులుంటే అమిలాయిడ్ కూడా మొదటి నుంచీ ఎక్కువే తయారవుతుంది. 40 ఏళ్లకల్లా దాదాపు అందరి మెదడులోనూ ఆ ఫలకాలు కనిపిస్తాయి. డిమెన్షియా సాధారణంగా 50ల్లో బయటపడుతుంది.

రిపోర్టులో ‘ట్రాన్స్‌లొకేషన్’ (అదనపు 21వ క్రోమోజోమ్ వేరే క్రోమోజోమ్‌కు అతుక్కుని ఉండటం) అని ఉంటే ముప్పు తక్కువనుకోకండి, అందులోనూ సాధారణంగా ఏపీపీ మూడు ప్రతులే. ‘మొజాయిక్’ (కొన్ని కణాల్లోనే అదనపు క్రోమోజోమ్ ఉండటం) అని ఉంటే ముప్పు కొంత తగ్గవచ్చు. అయితే రక్తంలో తేలిన అలాంటి కణాల శాతమే మెదడు కణాల్లోనూ ఉందని చెప్పలేం.

19వ క్రోమోజోమ్ మీది ఏపీఓఈ జన్యువులో ఈ4 రకం ఉంటే డిమెన్షియా ముందుగా రావచ్చు, ఈ2 ఉంటే ఆలస్యం కావచ్చు. ముప్పు తెలుసుకోవడానికే అయితే ఈ పరీక్ష అక్కర్లేదని మా అభిప్రాయం. ఫలితం ఏదైనా కింద చెప్పిన పనులు తప్పవు, పైగా అది తోబుట్టువుల ముప్పు గురించీ కొంత చెప్పేస్తుంది.

అసలు పని 35 ఏళ్ల లోపే మొదలవ్వాలి. మనిషి బాగా ఉన్నప్పుడే గుండీలు పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం, మెట్లు దిగడం, తెలిసిన దారిలో వెళ్లడం వీడియో తీసి, తేదీ రాసిపెట్టండి. ఏటా అవే పనులు మళ్లీ తీయండి, 40 దాటాక ఒక్క ఏడాదీ వదలొద్దు. అందరికీ వాడే జ్ఞాపకశక్తి పరీక్షలో వీరికి మొదటి నుంచీ తక్కువ మార్కులే రావచ్చు. అందుకే పోల్చాల్సింది నిన్నటి ఆ మనిషితోనే. మతిమరుపు కంటే ముందే మొండితనం, ఆసక్తి తగ్గడం, పని మధ్యలో ఆగిపోవడం కనిపించవచ్చు. వాటిని ‘డౌన్స్ కదా, అంతే’ అని కొట్టిపారేయడం వల్లే చాలామందికి నిర్ధారణ ఆలస్యమవుతోంది.

మార్పు కనిపించగానే డిమెన్షియా అని ముద్ర వేయొద్దు. థైరాయిడ్, బి12, వినికిడి, కంటి శుక్లం, నిద్రలో శ్వాస ఆగడం, డిప్రెషన్, చెప్పుకోలేని నొప్పి, మత్తు కలిగించే మందులు, అన్నీ చూపించండి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. కొద్ది వారాల్లోనే దిగజారితే ఇలాంటి కారణాలనే ముందు అనుమానించాలి. నడక తడబడటం, మూత్రం ఆపుకోలేకపోవడం కొత్తగా మొదలైతే మెడ ఎముకల దగ్గర వెన్నుపాము నొక్కుకుపోతోందేమో వెంటనే చూపించాలి. 40 తర్వాత తొలిసారి ఫిట్స్ గానీ, ఉదయం లేవగానే చేతులు ఉలిక్కిపడ్డట్టు అదరడం గానీ కనిపిస్తే పాత వీడియోలన్నీ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి.