పని కంటే డబ్బు ముందు నడవకూడదు: ఇంటి రిపేర్లు కాంట్రాక్టుకి ఇచ్చేవాళ్లకి జాగ్రత్తలు

మూడు వారాల క్రితం మా పిన్ని ఫోన్ చేసింది. "కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదురా, ఒకసారి వచ్చి చూడు" అంది. వెళ్లాను. బాత్రూమ్‌లో కమోడ్ పీకేసి, పైపు మూతికి పాత గుడ్డ కుక్కి వదిలేశారు. వంటగది గట్టు సగం పగలగొట్టి ఉంది. వరండాలో పట్టా కింద నాలుగు సిమెంటు బస్తాలు. కాలితో తంతే రాయిలా తగిలాయి, చెమ్మకి గడ్డకట్టుకుపోయాయి. పిన్ని నోటుబుక్కు తెచ్చి లెక్క చూపించింది. ఒప్పుకున్న మొత్తంలో 80 శాతం వెళ్లిపోయింది. పని మూడో వంతు కూడా కాలేదు.

నలుగురిని అడగండి, వాళ్లు చేసిన పాత పని చూడండి, కొటేషన్లు రెండు మూడు తీసుకోండి అని అందరూ చెప్తారు. పిన్ని అవన్నీ చేసింది. అయినా ములిగింది.

డబ్బు

పిన్ని దగ్గర ఆ డబ్బంతా ఎవరూ ఒకేసారి ఎత్తుకుపోలేదు. టైల్స్ రేటు పెరుగుతుందట, ఇప్పుడే కొనేద్దాం అన్నాడు, ఇచ్చింది. కూలీలకి ఇవ్వాలి, లేకపోతే రేపు రారు అన్నాడు, ఇచ్చింది. తలుపులు చేసేవాడికి అడ్వాన్స్ అన్నాడు, అదీ ఇచ్చింది. అడిగిన ప్రతిసారీ కారణం సబబుగానే ఉంది. మొత్తం కూడితే మాత్రం డబ్బు పనిని దాటి ఎంతో ముందుకు వెళ్లిపోయింది.

ఇలా మునిగిన ఇళ్లు ఇప్పటికి నాలుగు చూశాను. నాలుగింట్లోనూ ఇదే తప్పు. కాంట్రాక్టర్ దొంగే అయ్యుండాలని లేదు. చాలామంది ఒక ఇంటి అడ్వాన్స్‌తో ఇంకో ఇంటి పని లాక్కొస్తుంటారు. మీ దగ్గర రావాల్సింది తక్కువ, చేయాల్సింది ఎక్కువ అయిన రోజు నుంచి, మీ ఇంటికి కూలీలని పంపితే అతనికి చేతి డబ్బు ఖర్చు. ఎక్కడ రావాల్సింది ఉందో అక్కడికే పంపిస్తాడు. అప్పుడు మీరు ఎంత అరిచినా లాభం లేదు.

అందుకే విడతలు తేదీలని బట్టి పెట్టుకోకండి, అయిన పనిని బట్టి పెట్టుకోండి. మొదట 10 శాతం దాకా అడ్వాన్స్. కూల్చడం అయ్యి చెత్త బయటికి పోయాక ఒక విడత. పైపులు, వైరింగ్ వేసి టెస్ట్ చేసి చూపించాక ఒకటి. ప్లాస్టరింగ్ అయ్యాక, టైల్స్ అయ్యాక, రంగులు అయ్యాక ఒక్కొక్కటి. చివరి 10 శాతం రంగులు అయిన రోజు ఇవ్వొద్దు. రెండు మూడు వారాలు అన్నీ వాడి చూసుకున్నాక ఇవ్వండి. లీకులు, పట్టని తలుపులు, ఊగే కుళాయిలు బయటపడేది అప్పుడే.

మెటీరియల్‌కి ముందే కట్టాల్సి వస్తుంది, నిజమే. ఆర్డర్ మీద చేసే తలుపులకి, కప్‌బోర్డులకి ఏ షాపువాడైనా అడ్వాన్స్ అడుగుతాడు. అది షాపుకి మీరే కట్టండి, బిల్లు మీ పేరున తీసుకోండి. కాంట్రాక్టర్ చేతికి ఇచ్చి "కొనుక్కురా" అనొద్దు.

కాగితం

"బాత్రూమ్ పని మొత్తం, లేబర్ మెటీరియల్ కలిపి" అని ఒక లైను రాసి సంతకం పెడితే అది ఒప్పందం కాదు. ఏ కంపెనీ పైపు, ఏ సైజు టైల్, రంగు ఎన్ని పూతలు వేయాలి, కూల్చిన చెత్త ఎవరు మోయించాలి, ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తి, ఇవన్నీ రాయించండి. మిగతావాళ్ల కంటే బాగా తక్కువ కొటేషన్ వస్తే, అందులో ఏవి రాయలేదో వెతకండి. అవే తర్వాత ఎక్స్‌ట్రాలుగా వస్తాయి.

పాత ఇంట్లో గోడ విప్పితే ఏదో ఒకటి బయటపడుతుంది. తుప్పు పట్టిన పైపు, మాడిన వైరు, లోపలంతా చెమ్మ. బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతం విడిగా పెట్టుకోండి. ఆ సంగతి కాంట్రాక్టర్‌కి చెప్పకండి! ఎక్స్‌ట్రా పని ఏదైనా సరే, ఎంత అవుతుందో రాసుకుని, ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. ఫోన్‌లో మెసేజ్ అయినా చాలు, నోటిమాట మాత్రం వద్దు.

గోడ మూసేముందు

పైపులు, వైర్లు గోడలోకి వెళ్లిపోయాక మీరు చూడగలిగేది ఏమీ ఉండదు. ప్లాస్టరింగ్‌కి ముందే పైపుల్లో ప్రెషర్ పెట్టించి జాయింట్లు చూడండి. కొలత టేపు గోడకి ఆనించి, అది కనబడేలా ప్రతి గోడకీ ఫొటోలు తీయండి. రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తాయి. బాత్రూమ్ వాటర్ ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నీళ్లు బయటికి పోయే ట్రాప్ మూసి నీళ్లు నింపండి. మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి కనీసం 24 గంటలు వదిలేయండి. గీత కంటే నీళ్లు బాగా దిగినా, కింది సీలింగ్‌లో చెమ్మ కనబడినా, టైల్స్ వేయనివ్వొద్దు. "ఆరిపోతుందిలెండి సార్" అంటాడు. ఆరదు.

ఇక మిగతావి.

- గోడ తీసేయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూడాలి. తట్టి చూసి "ఇది ఉత్త గోడే" అనే మేస్త్రీ మాట నమ్మొద్దు. పైన స్లాబ్ దేని మీద కూర్చుందో తట్టితే తెలియదు.
- పైపు కోసం బీమ్‌కి, పిల్లర్‌కి బెజ్జం కొట్టనివ్వొద్దు. చిన్నదైనా సరే.
- బాత్రూమ్ నేల వాటం మీటరుకి ఒక సెంటీమీటరైనా ఉండాలి. బకెట్ నీళ్లు పోసి నిలబడి చూడండి.
- టైల్స్ మీద నాణెంతో కొట్టండి. డొల్లగా మోగినవి పీకించండి.
- టైల్స్ 10 శాతం ఎక్కువ, ఒకే బ్యాచ్‌వి కొనండి. తర్వాత అదే రంగు దొరకదు.
- ఎర్త్ వైరు ఉందో లేదో మీటరుతో చూపించమనండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. షాక్ కొడితే సప్లై ఆపేది అదే.
- గోడకి డ్రిల్ పెట్టేముందు ఆ గోడలోని వైర్లకి సప్లై ఆఫ్.
- పాత ఆస్బెస్టాస్ రేకుల్ని పగలగొట్టొద్దు, కోయొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ఆ పని తెలిసినవాళ్లతో తీయించండి.
- పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. తడపకుండా గీకనివ్వొద్దు, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.
- అపార్ట్‌మెంట్ అయితే అనుమతి కాగితం చేతికి వచ్చాకే సమ్మెట ఎత్తాలి.
- రోజూ సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి.
- ఇచ్చిన ప్రతి పైసాకీ సంతకం.
- "ఇంకొంచెం ఇవ్వండి, రేపు పూర్తి చేసేస్తా" అంటే ఇవ్వొద్దు. రేపు పూర్తి చేశాక ఇవ్వండి.
- కూలీలు లేరంటే ఇవ్వొద్దు. రేటు పెరుగుతుందంటే ఇవ్వొద్దు. పని కంటే డబ్బు ముందు నడవకూడదు.
- అన్నీ అయ్యాక ఇంటి తాళం మార్చండి. ఆ తాళంచెవి ఎంతమంది చేతులు మారిందో మీకు తెలియదు.