పాత పికప్‌లో గ్లాస్ హ్యాండిల్ జారిపోతోందా? కొత్తది వేసే ముందు ఇది చూడండి

డోర్ గ్లాస్ ఎక్కించి దించే హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది గానీ గ్లాస్ మాత్రం దిగదు, ఎక్కదు. లేదంటే సగం చుట్టు పట్టి ఆ తర్వాత టక్కున జారిపోతుంది. పాత పికప్ వాడేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ తప్పదు. హ్యాండిల్ ఒక్కటే పోయి ఉంటే పావుగంట పని, కానీ చాలామంది కొత్త హ్యాండిల్ వేసేసి పని అయిపోయింది అనుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. హ్యాండిల్ ఊరికే అరగదండి. లోపల గ్లాస్ బిగుసుకుపోయి ఉంటే మనం బలమంతా పెట్టి తిప్పుతాం కదా, ఆ బలం మొత్తం హ్యాండిల్ మధ్యలో ఉన్న సన్న పళ్ళ మీదే పడుతుంది. నేను మొదటిసారి హ్యాండిల్ మాత్రమే మార్చాను, కొన్ని నెలలకే కొత్తదీ అలాగే పోయింది, అప్పుడు సరిగ్గా చూస్తే గ్లాస్ జారే రబ్బరు గాడి నిండా దుమ్ము పట్టి, గట్టిపడి, గ్లాసుని పట్టేసి ఉంది.

డోర్‌లోంచి ఒక పొట్టి స్టీల్ షాఫ్ట్ బయటికి వస్తుంది, దాని చుట్టూ సన్న పళ్ళు ఉంటాయి. హ్యాండిల్ రంధ్రంలో కూడా అవే పళ్ళు, రెండూ ఒకదాన్లో ఒకటి కూర్చుంటాయి. షాఫ్ట్ అవతలి కొసన లోపల చిన్న గేర్, అది విసనకర్రలా ఉండే పెద్ద పళ్ళ రేకుని తిప్పుతుంది, ఆ రేకుకున్న చేతులు గ్లాసుని లేపుతాయి. ఈ మొత్తాన్ని రెగ్యులేటర్ అంటారు, మెకానిక్కులు గ్లాస్ మిషన్ అంటారు. షాఫ్ట్ గట్టి స్టీలు, హ్యాండిల్ ఏమో మెత్తటి పోత లోహం లేదా ప్లాస్టిక్, కాబట్టి ముందు అరిగేది ఎక్కువసార్లు హ్యాండిలే.

హ్యాండిల్ ఊడదీయడం రెండు రకాలు. మధ్యలో స్క్రూ ఉంటే (కొన్నిట్లో దాని మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, గోరుతో లేపితే వస్తుంది) స్క్రూ విప్పి లాగేయడమే. ఈ రకంలో ముందు స్క్రూ లూజైందేమో చూడండి, హ్యాండిల్ ఊగుతున్నప్పుడే బిగించుకుంటే పళ్ళు అరగకుండా బతికిపోతుంది.

స్క్రూ కనపడకపోతే వెనకాల క్లిప్ ఉందన్నమాట. గుర్రపు నాడా ఆకారంలో ఉండే సన్న స్ప్రింగ్ తీగ, షాఫ్ట్ మీదున్న గాడిలో కూర్చుని హ్యాండిల్ రాకుండా పట్టుకుంటుంది. హ్యాండిల్ వెనకున్న ప్లాస్టిక్ వాషర్‌ని డోర్ వైపు నొక్కి ఆ సందులోకి టార్చ్ వేసి చూడండి, తీగ రెండు కొసలు ఎటు ఉన్నాయో తెలుస్తుంది. ప్రత్యేకం పనిముట్టు ఏమీ అక్కర్లేదు, పాత నూలు గుడ్డ పొడుగ్గా చింపి కొసలు ఉన్న వైపు నుంచి హ్యాండిల్‌కి వాషర్‌కి మధ్యలో దూర్చండి, రెండు చివర్లూ పట్టుకుని బూట్లు పాలిష్ చేసేటప్పుడు గుడ్డ లాగుతారే, అలా అటూ ఇటూ లాగుతూ క్లిప్ గుండ్రటి వీపు వైపు తోస్తూ ఉండండి. గుడ్డ పోగులు కొసల్ని పట్టుకుని క్లిప్పుని టిక్ మని బయటికి నెట్టేస్తాయి. ఆ టిక్ అన్న క్షణంలోనే క్లిప్ ఎటో ఎగిరిపోతుంది, అందుకే ముందే సీటు మీద ఒక తువ్వాలు పరిచి, డోర్ వేసేసి, కళ్ళజోడు పెట్టుకుని చేయండి. స్క్రూ డ్రైవర్‌తో మాత్రం పీకొద్దు, వాషర్ విరుగుతుంది, డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు కప్పి ఉండే అట్ట) మీద గీత పడుతుంది.

హ్యాండిల్ వచ్చాక అసలు పరీక్ష. షాఫ్ట్‌కి గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా పట్టుకుని తిప్పండి. గ్లాస్ హాయిగా కదిలితే తప్పు హ్యాండిల్‌దే. కదులుతోంది గానీ చెయ్యి నొప్పెట్టేంత బిగువుగా ఉంటే గ్లాస్ జారే రబ్బరు గాడి పని, లేదా లోపల గ్రీజు ఎండిపోయింది. షాఫ్ట్ తిరుగుతోంది, గ్లాస్ అసలు కదలట్లేదు, లోపల కరకర శబ్దం వస్తోంది అంటే రెగ్యులేటర్ పళ్ళు పోయాయి, లేకపోతే దాని రోలర్ (చిన్న చక్రం) అది నడిచే పట్టాలోంచి తప్పిపోయింది. ఇక్కడొక మాట, చాలామంది కొన్నాళ్ళు ప్లయర్‌నే హ్యాండిల్‌లా షాఫ్ట్‌కి తగిలించి నడిపేస్తారు, దయచేసి అలా చేయకండి. ప్లయర్ కోరలు షాఫ్ట్ పళ్ళని కొరికేస్తాయి, షాఫ్ట్ పోతే హ్యాండిల్‌తో పోయేది కాదు, మిషన్ మొత్తం మార్చాల్సిందే.

కొత్త హ్యాండిల్ కొనేటప్పుడు పాతది, క్లిప్పు రెండూ చేతిలో పెట్టుకుని సరిచూసుకోండి, రంధ్రం సైజు, లోపలి పళ్ళ లెక్క, స్క్రూ రకమా క్లిప్ రకమా, ఈ మూడూ కలవాలి. పళ్ళు ఒక్కటి తేడా ఉన్నా బలవంతంగా ఎక్కుతుంది గానీ త్వరగా అరిగిపోతుంది. లోహంది దొరికితే ప్లాస్టిక్ దాని జోలికి వెళ్ళకండి, అది నా మాట.

కొత్తది దొరికేదాకా గడవాలంటే, పళ్ళు కొంచెమే అరిగి ఉంటే పల్చటి అల్యూమినియం రేకు ముక్కని షాఫ్ట్ చుట్టూ ఒక చుట్టు వేసి దాని మీద హ్యాండిల్ నొక్కితే పట్టు వస్తుంది. ఇంకొంచెం గట్టి మార్గం, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు. షాఫ్ట్‌కి పల్చగా గ్రీజు రాసి, హ్యాండిల్ రంధ్రంలో ఎపాక్సీ పూసి, నిటారుగా ఎక్కించి, ప్యాకెట్ మీద రాసిన టైమ్ అంతా కదపకుండా వదిలేయండి, కొత్త పళ్ళు అచ్చు పడతాయి. గ్రీజు మర్చిపోతే హ్యాండిల్ షాఫ్ట్‌కి శాశ్వతంగా అంటుకుపోతుంది, రేపు డోర్ ప్యాడ్ కూడా ఊడదు. ఏదైనా ఇది తాత్కాలికమే.

ఇప్పుడు అందరూ వదిలేసే పని. గ్లాస్ పూర్తిగా దించి, రెండు పక్కలా ఉన్న రబ్బరు గాడిలో తడి గుడ్డ చుట్టిన సన్న పుల్ల పెట్టి పై నుంచి కిందకి తుడవండి, గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా. బాగా ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి గ్లాస్ నాలుగైదు సార్లు ఎక్కించి దించండి. ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బరుకి పెట్టొద్దు, రబ్బరు ఉబ్బి పాడైపోతుంది, పైగా దుమ్ముని ఇంకా లాగుతుంది. గాడి శుభ్రంగా ఉంటే రెండు వేళ్ళతో తిప్పినా గ్లాస్ ఎక్కుతుంది, ఆ తేడా చేతికే తెలుస్తుంది.

అయినా బిగువుగానే ఉంటే డోర్ ప్యాడ్ తీయాలి. ఆర్మ్‌రెస్ట్ స్క్రూలు, లోపలి డోర్ హ్యాండిల్ చుట్టూ ఉన్న బిళ్ళ, లాక్ నాబ్ తీశాక అంచుల్లో ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి, ఒక్కో క్లిప్ పక్కనే వెడల్పాటి పరికరం పెట్టి లేపండి, ఒక మూల పట్టుకుని లాగితే పాత అట్ట చిరుగుతుంది. వెనకాల ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది, దాన్ని చింపకుండా తీసి మళ్ళీ అలాగే అంటించాలి, ఎందుకంటే వాన నీళ్ళు గ్లాస్ మీదుగా డోర్ లోపలికి దిగి కింద రంధ్రాల్లోంచి పోతాయి, షీటు లేకపోతే ఆ తడి అట్టకి పట్టి లోపల నేల మీదకి వస్తుంది. మిషన్ పళ్ళకి, రోలర్లు నడిచే పట్టాలకి తెల్ల లిథియం గ్రీజు పెట్టండి. కింద రంధ్రాలు మూసుకుపోయి ఉంటే చేతిలో పనిగా అవీ పొడిచేయండి.

మిషన్ మార్చాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. గ్లాసుని పైకి లేపి డోర్ ఫ్రేముకి గట్టి టేపుతో కట్టేయండి. చాలా మిషన్లకి గడియారం స్ప్రింగ్ లాంటి పెద్ద చుట్ట ఉంటుంది, గ్లాస్ బరువు మోయడానికి, అది లోపల బలం దాచుకుని ఉంటుంది, గేర్ విడిపోతే చేతులు విరిచేంత వేగంగా రేకు తిరుగుతుంది. ఏదైనా విప్పే ముందు పళ్ళ రేకుకి, వెనక ప్లేటుకి కలిపి ఒక బోల్టు వేసి బిగించేయండి. ఇంత ధైర్యం లేకపోతే ఈ ఒక్క పనీ తెలిసిన మెకానిక్కుకి ఇవ్వండి, తప్పేం లేదు.

తిరిగి బిగించేటప్పుడు క్లిప్పుని షాఫ్ట్‌కి కాదు, ముందు హ్యాండిల్ గాడిలో పూర్తిగా కూర్చోబెట్టండి. గ్లాస్ మొత్తం పైకి ఎక్కించి, వాషర్ పెట్టి, అవతలి డోర్‌కున్న గ్లాస్ హ్యాండిల్ ఎటు చూస్తోందో చూసి ఇది కూడా అదే కోణంలో మోకాలికి తగలకుండా పెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టండి, క్లిక్ మంటుంది. మీ వైపుకి గట్టిగా లాగి చూడండి, రాకూడదు. హ్యాండిల్ కొసనున్న గుండ్రటి పిడి బిగుసుకుపోయి తిరగకపోతే దాని మొదట్లో ఒక చుక్క ఆయిల్ వేయండి, స్పేర్ క్లిప్ ఒకటి డాష్‌బోర్డు అరలో పడేసి ఉంచండి.