పాపకు మొదటి ముద్ద: ఉగ్గు ఎలా వండాలి, ఎలా తినిపించాలి?

ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక మాత్రం ఆలస్యం చేయకండి, కడుపులో ఉన్నప్పుడు అమ్మ నుంచి తెచ్చుకున్న ఐరన్ ఆ సమయానికి చాలావరకు ఖర్చయిపోతుంది, పాలలో ఉండేది చాలా కొంచెం. నెలల లెక్కతో పాటు బిడ్డను కూడా గమనించండి. మెడ నిలిపి, కాస్త ఆనుకుని కూర్చుంటోందా? మీరు తింటుంటే మీ చేతి వంకే చూస్తోందా? చెంచా పెడితే నాలుకతో బయటికి నెట్టేయడం తగ్గిందా?

ఆడపిల్లకు బేసి నెల కావాలని కొందరు ఐదో నెలలోనే అన్నప్రాశన చేస్తారు. ఏడో నెల కూడా బేసి నెలే, అప్పటికి ఆరు నిండి ఏడు నడుస్తుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పి చూడండి. పరమాన్నం ఒక్క మెతుకు పెదవికి తాకిస్తే చాలు.

ముందు ఉగ్గు పొడి

కప్పు బియ్యానికి పావు కప్పు పెసరపప్పు. రెండూ కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, విడివిడిగా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక పొడి చేసి, తడి లేని డబ్బాలో పెట్టుకోండి. బాదం, జీడిపప్పు, శనగలు అంటూ పదిహేను రకాలు కలిపిన పొడితో మాత్రం మొదలుపెట్టవద్దు, ఒంటి మీద దద్దుర్లు వస్తే దేనివల్లో ఎలా తెలుస్తుంది?

వండటం

రెండు చెంచాల పొడిని ముందు చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలపండి. వేడినీళ్లలో నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, పైన ఉడికినట్టే ఉంటుంది, లోపల పచ్చిపిండి. సన్నసెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ, పచ్చివాసన పోయేదాకా ఉడికించి, దించాక అర చెంచా నెయ్యి వేయండి. ఉప్పు, పంచదార, బెల్లం ఏవీ వద్దు.

ఇప్పుడు చెంచాతో తీసి కాస్త వంచి చూడండి. నీళ్లలా కారిపోతే అది ఉగ్గు కాదు. మెల్లగా, బరువుగా జారాలి. ఈ చిక్కదనం గురించే నాకు ఎక్కువ బెంగ, ఎందుకంటే మా పాపకు నేను మొదట్లో పప్పుకట్టు, గంజి పట్టాను, తేలిగ్గా అరుగుతుందని అందరూ చెప్పారు, పొట్ట నిండిపోయి పాలు కూడా సరిగ్గా తాగేది కాదు, ఆ నెల బరువు తూస్తే వంద గ్రాములు కూడా పెరగలేదు. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లే, దాన్ని నీళ్లతో నింపేస్తే బలం ఎక్కడి నుంచి వస్తుంది?

తినిపించడం

పొద్దున పూట మొదలుపెట్టండి, ఏదైనా పడకపోతే పగలే తెలుస్తుంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకోండి. కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తుంటే ఉగ్గుగిన్నెతో గొంతులో పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది, దయచేసి వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పాలసీసాలో పోసి పట్టడం కూడా వద్దు. మొదటి రోజు రెండు మూడు చెంచాలు చాలు. మొహం తిప్పేసుకుంటే ఆపేయండి, రేపు మళ్లీ పెట్టండి, కొన్ని రుచులు పదిసార్లు పెడితేగానీ అలవాటు కావు.

మొదట్లో ఓకరింపు మామూలే, ముఖం ఎర్రబడి, దగ్గి, తనే బయటికి తెచ్చేస్తుంది. భయపడాల్సింది చప్పుడు లేనప్పుడు. ఏడుపూ దగ్గూ రాకుండా నోరు తెరిచి ఉండిపోతే వెంటనే ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద రెండు భుజాల మధ్య, అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో ఐదుసార్లు గట్టిగా తట్టండి. ఎవరినైనా కేకేసి 108కి ఫోన్ చేయించండి.

తర్వాత

కొత్తది ఏదైనా ఒక్కటే, మూడు రోజులు చూశాక ఇంకోటి. రాగిజావ, మెదిపిన అరటిపండు, చిలగడదుంప, గుమ్మడికాయ, ఆకుకూర కలిపిన పప్పు. బాగా ఉడికిన గుడ్డు, పల్చగా కలిపిన వేరుశనగ ముద్ద ఏడాది దాకా ఆపనక్కర్లేదు, ఒంటి మీద తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. మీరు మాంసం తినేవాళ్లయితే మెత్తగా ఉడికించిన చికెన్, లివర్ ఐరన్‌కు చాలా మంచివి. అంగన్‌వాడీ బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి, అందుకే ఇవి విడిగా పడ్డాయో లేదో చూసుకుని పెట్టండి. తేనె ఏడాది లోపు నాలుకకు కూడా రాయకూడదు, బోటులిజం అనే, ప్రాణం మీదికి తెచ్చే జబ్బు రావచ్చు. ఆవుపాలు, గేదెపాలు తాగించడం కూడా ఏడాది దాటాకే.

ఎనిమిది నెలల వరకు రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నుంచి మూడు నాలుగుసార్లు, తల్లిపాలు యథావిధిగా. మిక్సీలో వేయడం ఏడో నెల చివరికల్లా మానేసి చేత్తో మెదపండి, ఎనిమిదో నెల నిండాక మెత్తటి క్యారెట్ ముక్క, ఇడ్లీ ముక్క చేతికే ఇవ్వండి. అప్పటి నుంచి వేరే వంట కూడా అక్కర్లేదు, మీ పప్పులో ఉప్పు, కారం వేయకముందే పాప వాటా చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకోండి.