స్నేహితులతో విందుకు వెళ్లినప్పుడు ఆహార నియమం తప్పకుండా ఉండటం ఎలా?

ఇంట్లో ఉన్నంతసేపూ ఆహార నియమం పాటించడం అంత కష్టమేమీ కాదు. ఏం వండాలో, కంచంలో ఎంత పెట్టుకోవాలో మన చేతిలోనే ఉంటుంది. నలుగురు స్నేహితులు కలిసినప్పుడే చిక్కంతా వస్తుంది. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో స్నేహితులు కలవడమంటే దాదాపుగా కలిసి తినడమే. పుట్టినరోజైనా, ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినా, అమెరికాలో ఉంటున్న మిత్రుడు సెలవుపై వచ్చినా, కార్తీక మాసంలో వనభోజనాలకు వెళ్లినా, చివరికి అందరూ చేరేది బిర్యానీ చుట్టూనో, అరిటాకు ముందుకో. అక్కడ మన నియమం ఆకలి వల్ల కంటే మొహమాటం వల్లే ఎక్కువసార్లు తప్పుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఏం తినాలనే విషయం కంటే, వద్దని ఎప్పుడు, ఎలా చెప్పాలనే విషయానికే ఎక్కువ చోటిచ్చాను.

తోడు ఉంటే ఎక్కువ తింటామన్నది మనందరికీ అనుభవంలో ఉన్నదే. జాన్ డి కాస్ట్రో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, జనం రోజూ తిన్నది రాసిపెట్టుకున్న ఆహార డైరీలను పరిశీలించి, పంక్తిలో మనుషులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరు తినే పరిమాణం కూడా పెరుగుతుందని చూపించారు. కబుర్లలో పడి ఎక్కువసేపు కూర్చోవడం దీనికి ఒక ముఖ్య కారణం. కాబట్టి విందులో నాలుగు ముక్కలు ఎక్కువ తిన్నంత మాత్రాన మీకు మనోనిబ్బరం లేదని బాధపడనక్కర లేదు. అలా జరుగుతుందని ముందే తెలుసుకుని సిద్ధపడి వెళ్లడమే మన చేతిలో ఉన్న పని.

1. ఇంటి దగ్గరే లెక్క తేల్చుకోండి

“ఈ రోజు కాస్త తగ్గించి తింటాను” అనుకోవడం నిర్ణయం కాదు, కోరిక మాత్రమే. “బిర్యానీ రెండు గరిటెలు, కూల్‌డ్రింక్ వద్దు, స్వీటు ఒక్కటే” అనుకుంటే అది నిర్ణయం. “ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తాను” అని ముందుగా అనుకున్నవారు తమ లక్ష్యానికి ఎక్కువగా కట్టుబడి ఉంటారని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో ప్రతిపాదించగా, తర్వాత వచ్చిన అనేక పరిశోధనలు దాన్ని బలపరిచాయి. మన విందుకు దీన్ని ఇలా అన్వయించుకోవచ్చు: స్టార్టర్లు ఏం కావాలని అడిగితే తందూరి చికెన్ చెబుతాను, కేకు ముక్క నోటికి అందిస్తే చిన్న తుంపు తీసుకుని మిగిలింది పక్కవారికి ఇస్తాను, రాత్రి పదకొండు దాటాక ఐస్‌క్రీమ్‌కు వెళ్దామంటే అందరితో పాటు వెళ్లి మంచినీళ్ల సీసా కొనుక్కుంటాను. ఇలాంటివి రెండో మూడో ఉంటే చాలు, పది పెట్టుకుంటే ఒక్కటీ గుర్తుండదు.

2. ఖాళీ కడుపుతో వెళ్లకండి

రాత్రి విందు ఉందని మధ్యాహ్న భోజనం మానేసేవారు మనలో చాలామంది ఉన్నారు. ఇది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ఎనిమిదింటికని పిలిచిన విందులో కంచం ముందుకొచ్చేసరికి తొమ్మిదిన్నరో, పదో అవుతుంది. అప్పటికి ఆకలితో నకనకలాడుతున్న మనిషి ముందు మొదట వచ్చేది చికెన్ 65 ప్లేటు. బయలుదేరే ముందు గుప్పెడు శనగ గుగ్గిళ్లో, ఉడికించిన గుడ్డో, ఒక కప్పు పెరుగులో కీరా ముక్కలో తిని వెళ్తే ఆ ప్లేటును నింపాదిగా చూడగలుగుతారు.

మధుమేహం ఉండి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మందు వేసుకుని భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే నియమం పక్కన పెట్టి వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. విందు రోజున మందు వేళ ఎలా మార్చుకోవాలో మీ వైద్యుడిని ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.

3. చోటు, వేళ ఎంచుకునేటప్పుడు నోరు విప్పండి

వాట్సాప్ గ్రూపులో “ఎక్కడ కలుద్దాం?” అన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది మౌనంగా ఉండి, తర్వాత బాధపడతారు. నిజానికి ఆ క్షణంలో మీరు చెప్పే ఒక్క మాట, విందులో కూర్చున్నాక చేసే పది ప్రయత్నాల కంటే ఎక్కువ పని చేస్తుంది. రాత్రి పదింటి బిర్యానీకి బదులు ఆదివారం పొద్దున టిఫిన్‌కు కలుద్దామని అడగండి. విజయవాడలో టిఫిన్‌కు ఇడ్లీ పేరు చెబితే కాదనే స్నేహితులు అరుదు. ఆవిరి మీద ఉడికే ఇడ్లీలో నూనె ఉండదు. వెన్న, నెయ్యి, కారప్పొడి ఎంత వేసుకోవాలన్నది మన ఇష్టం. గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట వైపు టిఫిన్ హోటళ్లకు కొదవలేదు. సాయంత్రం కలవాల్సి వస్తే, మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి తలా ఒక ప్లేటు తీసుకునే కన్నా, ఇద్దరికో ముగ్గురికో ఒక ప్లేటు తీసుకోండి. ఉల్లిపాయ, నిమ్మరసం కూరిన వేడి బజ్జీ మొదటిది ఇచ్చే ఆనందం మూడోది ఇవ్వదని నా నమ్మకం.

4. కంచంలో వరుస మార్చండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం తినేదాంట్లో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. బిర్యానీ హోటల్లో ఇది సాధ్యం కాదు, ఆ ఒక్క పూటా సాధ్యం కావాలని పట్టుబట్టనక్కర కూడా లేదు. ఆ లోటును మిగతా రెండు పూటల్లో కూరగాయలతో పూడ్చుకోవచ్చు. విందులో మాత్రం తినే వరుస మన చేతిలో ఉంటుంది. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, అన్నం, రొట్టె వంటివి చివర తింటే భోజనం తర్వాత రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో మధుమేహ రోగులపై చేసిన ఒక చిన్న అధ్యయనంలో గమనించారు.

బిర్యానీ బల్ల మీదికి వచ్చాక చేయవలసింది ఇది. ముందుగా కీరా, ఉల్లిపాయ, నిమ్మకాయ ముక్కల ప్లేటు తెప్పించి మీ దగ్గర పెట్టుకోండి. తర్వాత గిన్నెలోంచి చికెన్ ముక్కలు రెండు, పెరుగు చట్నీ రెండు గరిటెలు వేసుకుని అవి తినండి. ఆ తర్వాతే అన్నం జోలికి వెళ్లండి. అదీ పైనున్న పొడి అన్నం వైపు నుంచి తీసుకోండి, ఎందుకంటే నూనె, మసాలా అడుగుకు దిగి ఉంటాయి. గ్రాము కొవ్వులో 9 కిలో క్యాలరీలు ఉంటాయి, గ్రాము పిండిపదార్థంలో 4 మాత్రమే. గిన్నె మీ ఎదురుగా కాక, బల్ల అవతలి చివర ఉండేలా చూసుకుంటే మాటల మధ్యలో చేయి దానంతటదే అటు వెళ్లదు. కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు పూర్తిగా చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది కాబట్టి, రెండో గరిటెకూ మూడో గరిటెకూ మధ్య ఒక కథ విని, ఒక కథ చెప్పండి.

5. వడ్డన దగ్గర మొహమాటం ఎలా దాటాలి?

అసలు పరీక్ష ఇక్కడే ఉంటుంది. “ఒక్క ముక్కేగా, వేసుకో బావా”, “ఈ ఒక్క పూటకి ఏమైపోదులే” అన్న మాటల వెనక ప్రేమ తప్ప మరేమీ లేదు. పెట్టేవారు కోరేది మీరు తృప్తిగా తినడం. మీరు ఎంత తిన్నారన్న లెక్క వారి దగ్గర ఉండదు. కాబట్టి వంటకాన్ని కాదనకుండా, పరిమాణాన్ని మాత్రమే కాదనాలి.

ఇందుకు నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి ఉపాయం, మీరు తినదలచుకున్న దానిలో సగమే మొదటి వడ్డనలో వేయించుకోవడం. మారు వడ్డనకు వచ్చినప్పుడు మిగతా సగం సంతోషంగా వేయించుకుంటే, మీ లెక్కా తప్పదు, అడిగి మరీ వేయించుకున్నారన్న ఆనందం వారికీ దక్కుతుంది. మొదటే నిండుగా వేయించుకున్నవారికి రెండోసారి వద్దనడం చాలా కష్టమవుతుంది.

రెండోది, ఆకును గానీ కంచాన్ని గానీ పూర్తిగా ఖాళీ చేయకండి. ఖాళీ జాగా కనిపిస్తే గరిటె దానంతటదే వంగుతుంది. కొంచెం కూర ఆకు మీద ఉంచి నెమ్మదిగా తింటూ ఉండండి. గరిటె దగ్గరికొచ్చినప్పుడు అరచేయి ఆకు మీద అడ్డం పెట్టి నవ్వుతూ “చాలు” అనండి. వనభోజనాల్లాంటి పంక్తి భోజనాల్లో మరొక వెసులుబాటు ఉంది: ఎవరైనా పెరుగు దాకా వచ్చేస్తే వారికి మళ్లీ పులిహోర, గారెలు వడ్డించరు. తగినంత తిన్నాననిపించగానే పెరుగు అడిగి వేయించుకోండి.

స్నేహితుడి ఇంట్లో, అతని భార్య స్వయంగా వడ్డిస్తూ “అన్నయ్యగారూ, పొద్దున్నుంచీ కష్టపడి చేశాను, ఇంకొక్కటి వేసుకోవాలి” అంటే ఏం చెప్పాలన్నది చాలామందికి ఇబ్బందికరమైన విషయం. “గుత్తి వంకాయ చాలా బాగా కుదిరింది చెల్లెమ్మా, అందుకే దాంతోనే మొదలుపెట్టాను. కడుపు నిండిపోయింది, కావాలనిపిస్తే నేనే అడుగుతాను” అని చెబితే సరిపోతుంది. వంటను పేరుపెట్టి మెచ్చుకోవడం, చివర “నేనే అడుగుతాను” అనడం రెండూ ముఖ్యం. షుగరు అంకెలు, బరువు లెక్కలు, డైటు వివరాలు చెప్పడం మొదలుపెడితే మాత్రం అది చర్చ అవుతుంది, తలా ఒక సలహా ఇస్తారు. గుంపులో మీకు బాగా దగ్గరైన ఒక్కరికి ముందే విషయం చెప్పి ఉంచండి. బలవంతం పెరిగినప్పుడు “వాణ్ని వదిలెయ్యండ్రా” అని ఒక గొంతు వినిపిస్తే మీ పని సులువవుతుంది. ఎదుటివారి కంచంలో ఏముందో మాత్రం ఎప్పుడూ వ్యాఖ్యానించకండి.

6. గ్లాసు సంగతి

కూల్‌డ్రింకుల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తంలో అదనపు చక్కెర 25 గ్రాములకు మించకపోతే మంచిదని చెబుతున్నారు కాబట్టి, ఒక్క పెద్ద గ్లాసుతోనే ఆ లెక్క దాటిపోతుంది. చక్కెర లేని నిమ్మకాయ సోడా, మజ్జిగ, కొబ్బరినీళ్లు మేలు. మద్యం విషయంలో, ఆరోగ్యానికి హాని చేయని సురక్షిత పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. దానితో పాటు వచ్చే మంచింగ్‌లోని ఉప్పు, నూనెను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే దాదాపు ఒక చెంచా దాటకూడదు. చేతిలో నిమ్మకాయ సోడా గ్లాసు ఉన్నవారిని ఎవరూ పెద్దగా బలవంతపెట్టరు.

7. నియమం తప్పినప్పుడు

అనుకున్నదానికంటే ఎక్కువ తినేసిన రోజులు తప్పకుండా ఉంటాయి. ఆ రాత్రి ఇంటికి వెళ్లే ముందు స్నేహితులతో కలిసి పది, పదిహేను నిమిషాలు నడిస్తే భోజనం తర్వాత పెరిగే చక్కెర కొంత అదుపులో ఉంటుంది. మర్నాడు ఉపవాసం చేయకండి. రోజూ తినే టిఫిన్ రోజూ తినే వేళకే తినండి. కడుపు మాడ్చుకుంటే సాయంత్రానికి ఆకలి రెట్టింపై మళ్లీ అదుపు తప్పుతుంది.

8. మీ వంతు వచ్చినప్పుడు

ఏడాదికి ఒకటి రెండుసార్లైనా విందు మీ ఇంట్లో పెట్టుకోండి, అక్కడ వంటలు మీవే. పెసర మొలకల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి, ఉడికించిన వేరుశనగలతో పాటు మొదట బల్ల మీద పెట్టండి. భోజనంలోకి గోంగూర పప్పు, దొండకాయ కూర, చేపల పులుసు, గడ్డ పెరుగు ఉంటే ఎవరికీ లోటు అనిపించదు. బిర్యానీ లేకపోతే స్నేహితులు నొచ్చుకుంటారనుకుంటే అదీ పెట్టండి, కాకపోతే తలకు రెండు గరిటెలకు సరిపడా చిన్న గిన్నెతో. చివర ఐస్‌క్రీమ్ బదులు పండ్లు పెట్టండి: చలికాలంలో జామకాయ ముక్కలు, వేసవిలో తలకు రెండు మూడు బంగినపల్లి ముక్కలు లేదా తాటిముంజలు. ముంజలు ఎక్కువసేపు నిల్వ ఉంటే రుచి తగ్గుతాయి కాబట్టి, విందుకు గంట ముందు తెప్పించి, తడిగుడ్డ కప్పి ఉంచి, తినే వేళకే ఒలిచి వడ్డించండి.