తక్కువ డబ్బుతో కొత్త చేనేత చొక్కాను ఆన్‌లైన్‌లో అమ్మడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో నేసేవాళ్లు ఉన్నారు, చక్కగా కుట్టే టైలర్లు ఉన్నారు, ఫోన్ చేతిలో ఉన్న చదువుకున్న పిల్లలూ ఉన్నారు. ఈ ముగ్గురినీ కలిపి ఒక చొక్కా తయారుచేసి ఆన్‌లైన్‌లో పెడదామనుకునేవాళ్లు చాలామంది దగ్గర ఒకటే మాట వింటున్నాను: ‘ప్రకటనలకు డబ్బెక్కడిది?’

మొదటి సరుకు అమ్ముడుపోవడానికి ప్రకటన అక్కర్లేదు. మన జిల్లా నుంచి హైదరాబాద్, విశాఖ, చెన్నై, బెంగళూరు వెళ్లి స్థిరపడినవాళ్లు లక్షల్లో ఉన్నారు. మన జిల్లాలో ఖాదీకి పేరుపడ్డ పొందూరు పేరు చెబితే వాళ్లకు వివరించాల్సిన పనే లేదు. ముందు వాళ్లకు అమ్మాలి, తర్వాతే తెలియనివాళ్ల దగ్గరకు వెళ్లాలి. కింద చెప్పే పద్ధతంతా ఈ వరుస మీదే నడుస్తుంది. చేతిలో 25 వేల రూపాయలు ఉన్నాయనుకుని లెక్కలు వేస్తాను. చొక్కా బదులు కుర్తీ అయినా, పిల్లల లంగా జాకెట్టు అయినా పద్ధతి మారదు.

ముందు ఒక్క చొక్కానే ఎంచుకోండి

పది రకాలు పెడితే ఏదో ఒకటి అమ్ముడవుతుందని అనిపిస్తుంది. చిన్న పెట్టుబడికి అది పనికిరాదు. ప్రతి రకానికీ సైజులు కావాలి, ఫొటోలు కావాలి, చివరికి మిగిలిపోయేదీ ఎక్కువే. పొట్టి చేతుల చొక్కా ఒకటి, రెండు రంగులు, మొత్తం 20 చొక్కాలు. 38 సైజు 4, 40 సైజు 7, 42 సైజు 6, 44 సైజు 3 కుట్టించండి. నడివయసువాళ్లు ఎక్కువ కొంటారనుకుంటే 42, 44 పెంచుకోండి.

కత్తెర పెట్టకముందే బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేయించండి. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ఆ కుంచింపు కొన్నవాళ్ల ఇంట్లో జరిగితే 40 సైజు చొక్కా వాళ్లకు పట్టదు, మళ్లీ మీ దగ్గర కొనరు. రంగు దిగుతుందో లేదో కూడా ఆ నీళ్లలోనే తెలిసిపోతుంది. దిగే రంగైతే ఆ తానును వదిలేయండి.

పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త

ఇక్కడ చాలామంది తెలియక ఇబ్బందుల్లో పడతారు. పొందూరు బట్ట అనగానే ‘ఖాదీ చొక్కా’ అని రాసేస్తారు. చేత్తో వడికిన నూలుతో చేత్తో నేసినదే ఖాదీ. మిల్లు నూలు తెచ్చి మగ్గం మీద నేస్తే అది చేనేత. చేనేత కూడా గౌరవమైనదే, కానీ ఖాదీ కాదు. పైగా 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ గుర్తింపు, ఆ మార్కు లేకుండా ఏ బట్టనూ ఖాదీ అని అమ్మకూడదు. పేరున్న పెద్ద కంపెనీలకు కూడా దీనిమీద కోర్టు చిక్కులు వచ్చాయి.

పొందూరు ఖాదీ ఎందుకంత ప్రత్యేకమో తెలిస్తే ఆ పేరును తేలిగ్గా వాడాలనిపించదు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేస్తారు. ఆ చిన్న పళ్ల మధ్య దూది దువ్వుకుని పోగులు సాఫీ అవుతాయి. తర్వాత ఏకులు చేసి, రాట్నం మీద 100 కౌంటు సన్నని నూలు వడుకుతారు. ఎక్కువగా ఆడవాళ్లు గంటలకొద్దీ కూర్చుని చేసే పని ఇది. మీ చొక్కా నిజంగా ఆ బట్టతోనే కుట్టాలనుకుంటే పొందూరులోని ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం దగ్గరకు వెళ్లి కొనండి. కుట్టి అమ్మడానికి ఏ అనుమతి కావాలో కూడా అడిగి రాసుకోండి. హౌరా–చెన్నై లైన్లో పొందూరు స్టేషన్ ఉంది, వెళ్లి రావడం కష్టం కాదు.

చేనేత బట్టైతే ‘చేనేత’ అనే రాయండి. ఏ ఊళ్లో నేశారో రాయండి. నేసినవాళ్లు ఒప్పుకుంటే మగ్గం మీద వాళ్ల చేతులు ఆడుతున్న వీడియో పెట్టండి. వాళ్ల పనిని మన సరుకుకు అలంకారంగా వాడుకుంటున్నాం కాబట్టి బట్ట ధరలో బేరం ఆడకుండా ఉండటం మన వంతు మర్యాద.

ధర లెక్క

అంకెలు మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు. లెక్క వేసే తీరు చూడండి. చొక్కాకు రెండుంపావు మీటర్ల బట్ట, మీటరు 220 అనుకుంటే 495. కుట్టుకూలి 250. గుండీలు, లేబులు 25. ప్యాకింగ్ 15, కొరియర్ 80. వెనక్కి వచ్చే సరుకు కోసం చొక్కాకు 40 పక్కన పెట్టండి. మొత్తం 905. దీన్ని 1299కి అమ్మితే 394 మిగులుతుంది.

ఒక ఆర్డరు రావడానికి ప్రకటనకు 250 ఖర్చయితే మిగిలేది 144. జీఎస్టీ నమోదు ఉంటే ఆ 1299లోనే సుమారు 62 పన్ను కింద పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల లోపు దుస్తులకు 5 శాతం పన్ను. బట్ట కొన్నప్పుడు కట్టిన పన్ను కొంత సర్దుబాటు అవుతుంది, కానీ దాన్ని నమ్ముకుని ధర పెట్టకండి. ఇక మిగిలింది 82. దాని మీద 10 శాతం తగ్గింపు ప్రకటిస్తే ప్రతి చొక్కా మీదా మన చేతి డబ్బే పోతుంది. అందుకే తగ్గింపు వద్దని గట్టిగా చెబుతున్నాను. మొదటి రోజే ధర తగ్గించినవాళ్ల దగ్గర తర్వాత పూర్తి ధరకు ఎవరూ కొనరు.

25 వేలల్లో 20 చొక్కాల బట్టకు, కుట్టుకు, గుండీలకు, లేబుళ్లకు 15,400 పోతాయి. ప్యాకింగ్‌కు, కొరియర్‌కు 1,900. ప్రకటనలకు 3,000. వాపసులకు 2,000. మిగిలిన 2,700 ముట్టుకోకండి.

ఫొటోలు

స్టూడియో అక్కర్లేదు. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది లోపు ఇంటి వసారాలో పడే వెలుతురు చాలు. ఎండ నేరుగా పడితే తెల్లబట్ట గీతలు కనిపించవు, రంగు కూడా మారిపోయినట్టు ఉంటుంది. ట్యూబులైటు కింద తీస్తే లేత నీలం బూడిద రంగులోకి తిరుగుతుంది. అప్పుడు ‘ఫొటోలో చూసిన రంగు కాదు’ అంటూ చొక్కా వెనక్కి వస్తుంది.

ఆరు ఫొటోలు కావాలి: ముందు, వెనక, కాలరు దగ్గర నుంచి, నేత దారాలు కనిపించేంత దగ్గర నుంచి, లోపలి కుట్టు, ఒక మనిషి వేసుకున్నది. లోపలి కుట్టు చూపించే అమ్మకందారు అరుదు. చూపిస్తే నమ్మకం వెంటనే కుదురుతుంది. వేసుకున్నవాళ్ల ఎత్తు, వాళ్లు వేసుకున్న సైజు ఫొటో కిందే రాయండి. మోడల్‌గా మన చుట్టుపక్కల మనుషులే కావాలి, మన రంగు, మన పొట్ట ఉన్నవాళ్లే. కళింగపట్నం తీరంలోనో నాగావళి గట్టునో ఒక్క ఫొటో తీయండి. దూరంగా ఉన్న మనవాళ్లకు అది ఎక్కడో చెప్పకుండానే తెలుస్తుంది.

కొలతలు

ఆన్‌లైన్ బట్టల వ్యాపారాన్ని ముంచేది వాపసులు, వాపసులకు పెద్ద కారణం సైజు. ‘ఎల్’ అని రాస్తే ఒక్కో కంపెనీలో ఒక్కో కొలత. అంగుళాల్లో రాయండి. చొక్కాను బల్ల మీద పరిచి భుజం, ఛాతీ, పొడవు, చేతి పొడవు కొలవండి. ఛాతీకి చంక నుంచి చంకకు కొలిచి రెట్టింపు చేయాలి.

కొనేవాళ్లను ఒంటి కొలతలు అడగొద్దు, సరిగా చెప్పలేరు. ‘మీకు బాగా పట్టే చొక్కా ఒకటి పరిచి ఇలా కొలవండి’ అని అర నిమిషం వీడియో తీసి ఉంచుకోండి. ఎవరు అడిగినా అదే పంపండి. కొలత వచ్చాక మీరే సైజు చెప్పండి: ‘మీకు 42 సరిపోతుందండీ, 40 అయితే పొట్ట దగ్గర బిగువుగా ఉంటుంది.’ ఈ ఒక్క మాటతో కొరియర్ డబ్బు రెండు వైపులా మిగులుతుంది.

మొదటి 20 చొక్కాలు ఎవరికి అమ్మాలి

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో కేటలాగ్ పెట్టి ఫొటోలు, ధర, కొలతలు ఎక్కించండి. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి ముందు ఒక్కొక్కరికి విడిగా రాసి, నంబరు సేవ్ చేసుకోమని అడగాలి. వంద మందికి ఇలా పేరు పెట్టి రాయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. విసుగ్గా ఉన్నా చేయండి, మొదటి ఆర్డర్లు అక్కడి నుంచే వస్తాయి.

స్కూలు పాత విద్యార్థుల గ్రూపులు, ఊరి గ్రూపులు ఉంటాయి. అడ్మిన్‌ను అడక్కుండా ఫొటో వేయకండి. ‘అన్నయ్యా, మనూళ్లో మొదలుపెట్టాం, గ్రూపులో ఒక్కసారి పెట్టనా?’ అంటే కాదనేవాళ్లు తక్కువ. పెట్టేది ఒక్కసారే, ఫొటోలు మూడే.

ఇన్‌స్టాగ్రామ్‌లో మన యాసలోనే మాట్లాడండి. ‘సంకురాత్రికి ఊరొత్తన్నావేటి?’ అని మొదలయ్యే చిన్న వీడియోను హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లోడు తన నలుగురు స్నేహితులకూ పంపుతాడు. ప్రొఫైల్‌లో మీ వాట్సాప్‌కు నేరుగా వెళ్లే లింకు పెట్టడం మర్చిపోకండి. వారానికి మూడు వీడియోలు చాలు: ఒకటి నేత, ఒకటి కుట్టు, ఒకటి వేసుకున్నవాళ్ల మాట.

ప్రకటనకు డబ్బు ఎప్పుడు పెట్టాలి

పన్నెండు, పదిహేను చొక్కాలు అమ్ముడై, కొన్నవాళ్లు బాగుందన్నాకే. అప్పటికి ఏ ఫొటోకు స్పందన వస్తోందో మీకు తెలుస్తుంది. ఆ ఫొటోతోనే ప్రకటన ఇవ్వండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే బూస్ట్ బటన్ నొక్కకండి. ప్రకటనలు పెట్టే పేజీ అయిన యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, చూసినవాళ్లు నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం ప్రకటన ఎంచుకోండి. తెలుగు తెలిసినవాళ్లు, హైదరాబాద్, విశాఖ, 28 నుంచి 50 ఏళ్ల మధ్య. రోజుకు 200 చొప్పున 5 రోజులు. దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

జీఎస్టీతో కలిపి 1,180 రూపాయలకు 40 మంది సందేశం పంపి, వాళ్లలో ఐదుగురు కొన్నారనుకుందాం. ఆర్డరుకు 236 పడింది. పైన మనం వేసిన లెక్కలో గరిష్ఠం 250, దానికి లోపే ఉంది. నలుగురే కొంటే ఆర్డరుకు 295 పడుతుంది, అప్పుడు ఆపేసి ఫొటో మార్చండి. సందేశాలు వస్తున్నాయి కానీ కొనడం లేదంటే లోపం ప్రకటనలో ఉండదు. మీరు జవాబిచ్చే తీరులోనో, ధరలోనో చూసుకోవాలి. పావుగంటలో జవాబు వెళ్తే కొనేవాళ్లు, రాత్రికి వెళ్తే వేరేచోట కొనేసి ఉంటారు.

మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ మొదటి విడతకు వద్దని నా అభిప్రాయం. అక్కడ పక్కనే 349 రూపాయల మిల్లు చొక్కా కనిపిస్తుంది. మీ చొక్కా కథ చెప్పే చోటు కాదు అది. చేతివృత్తులవాళ్ల కోసం అమెజాన్‌లో కారీగర్, ఫ్లిప్‌కార్ట్‌లో సమర్థ్ అనే విభాగాలున్నాయి, రెండో ఏడాది చూడొచ్చు. ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మాలంటే అమ్మకం ఎంత చిన్నదైనా మామూలుగా జీఎస్టీ నమోదు కావాలి. చేతివృత్తుల సరుకుకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మీకు వర్తిస్తాయేమో మొదలుపెట్టే ముందే ఆడిటరును అడగండి.

డబ్బు, పార్సిల్

డెలివరీ అప్పుడు డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టకండి. తీసుకోకుండా తిప్పి పంపితే రెండు వైపుల కొరియర్ మీదే. ముందుగా యూపీఐ చేయమనండి, నమ్మకం కోసం ‘సైజు కుదరకపోతే 7 రోజుల్లో మారుస్తాం’ అని రాతలో ఇవ్వండి. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు. మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పంపండి.

చొక్కాను పలచగా మడిచి 500 గ్రాముల లోపు ప్యాక్ చేయండి. కొరియర్లు పెట్టె కొలతను బట్టి కూడా బరువు కడతాయి, కాబట్టి అట్టపెట్టె బదులు కవరే నయం. పల్లెటూళ్లకు స్పీడ్ పోస్టు బాగా చేరుతుంది. ఒకే ఊరికి పది చొక్కాలుంటే ఆర్టీసీ కార్గో చౌక.

రెండో విడత

అందిన మూడో రోజు ఒక సందేశం పంపండి: ‘సైజు సరిపోయిందా అండీ? ఒకసారి ఉతికాక ఎలా ఉందో చెప్పండి.’ ఉతికాక బాగుందని చెప్పినవాళ్లను వేసుకున్న ఫొటో అడగండి, వాడుకోవచ్చా అని అనుమతి తీసుకోండి. ఎవరు ఏ సైజు, ఏ రంగు కొన్నారో నోటుబుక్కులో రాయండి. తర్వాతి బట్ట ఆర్డరు ఆ పుస్తకం చూసే ఇవ్వాలి.

మన దగ్గర కొనుగోళ్లు పండగల చుట్టూ తిరుగుతాయి. విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం, అరసవల్లి రథసప్తమి, అన్నిటికీ మించి సంక్రాంతి. సంక్రాంతికి అమ్మాలంటే అక్టోబరు చివరికి బట్ట చెప్పాలి, నవంబరులో కుట్టించాలి, డిసెంబరు మొదటి వారంలో ఫొటోలు బయటికి రావాలి. ఊరొచ్చేవాళ్లు అక్కడ బయలుదేరకముందే చొక్కా చేతికందాలి కాబట్టి జనవరి 5 తర్వాత హైదరాబాద్ ఆర్డర్లు తీసుకోకండి. ఆ తర్వాత అడిగినవాళ్లకు ‘పండక్కి ఊళ్లోనే ఇస్తాం’ అని చెప్పి, ఊరు, పేరు రాసుకోండి.