రోలర్ కోస్టర్ గది: హంగు ఉండాలి, నిద్రా పట్టాలి

లాస్ వెగాస్‌లో 1997లో తెరిచిన న్యూయార్క్ న్యూయార్క్ హోటల్ చుట్టూ నిజం కోస్టరే తిరుగుతుంది. రోలర్ కోస్టర్‌లా అలంకరించే గదిలో అంత హంగామా వద్దు. తలుపు దగ్గర స్టేషన్ గేటు, నేల మీద పసుపు గీత, మంచానికి కోస్టర్ బోగీ ముందు భాగంలాంటి ముక్కు చాలు.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది పిల్లల బంక్ బెడ్ (ఒకదానిపై ఒకటి ఉండే మంచాలు) మీద. పై మంచం అడ్డుకడ్డీ పరుపు కంటే కనీసం 13 సెం.మీ. ఎత్తుండాలి. సందులు 9 సెం.మీ. లోపే ఉండాలి, అంతకు మించితే ఒళ్లు జారిపోయి తల ఇరుక్కుంటుంది. బోగీ ముక్కును విప్పుకునేలా బోల్టులతో బిగించండి, లేకపోతే వెనక దుమ్ము తుడవడానికి చెయ్యి పట్టదు.

అసలు పేచీ శబ్దంతోనే. సబ్‌వూఫర్‌ను, అంటే లోతైన శబ్దాలిచ్చే స్పీకర్‌ను, గోడకు బిగిస్తే అదురు పక్క గదికి పాకుతుంది. రబ్బరు దిమ్మల మీద పెట్టండి. మెరుపు లైట్లు సెకనుకు 3 సార్లకు మించితే మూర్ఛ ఉన్నవారికి ప్రమాదం. తలగడ పక్కన అన్నీ ఒకేసారి ఆపే స్విచ్ తప్పనిసరి.